మా చిచ్చా సినిమాలు మానేసిన సంగతి

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా మనవరాలు నా మంచమ్మీద చేరి, ఇది చూడు నానమ్మా అంటూ తన ఫోను నా ముఖం ముందు పెట్టింది. కళ్లద్దాలు వెతుక్కుని చూద్దును కదా, నిలువునా గీతలు పడిన పాత నలుపు తెలుపు సినిమా ముక్క ఒకటి. పరుగెత్తుతున్న గుర్రం మీదినుంచి ఒక మనిషి కదులుతున్న రైలుపెట్టె మీదికి దూకాడు. దూకి, ఒక మోకాలి మీద నిలదొక్కుకుని, జుట్టు వెనక్కి తోసుకుని నవ్వాడు. ఐదు నిమిషాలు కూడా లేదు. కింద ఎవరెవరో రాసిన మాటలు పిల్ల చదివి వినిపించింది. ఆ రోజుల్లో బొంబాయి స్టంటు సినిమాల్లో ఇంతటివాడు లేడని ఒకరు, అంత పేరు మీద ఉండగా ఉన్నట్టుండి ఎక్కడ మాయమైపోయాడని ఇంకొకరు. పాకిస్తాను వెళ్లిపోయాడట, కాదు గుర్రం మీదినుంచి పడి నడుము విరిగిందట, అదీ కాదు ఎవరో నటి కోసం పిచ్చివాడయ్యాడట. నేను ఫోను తిరిగి ఇచ్చేసి, వెలుతురుకు కళ్లు నీళ్లు కారుతున్నాయని చెప్పి లోపలికి వెళ్లి కూర్చున్నాను.

నా ఈడువాళ్లు ఇంకా ఎవరైనా మిగిలి ఇది చదువుతుంటే వాళ్లకు ఆ నవ్వు గుర్తుండే ఉంటుంది. ఆ మనిషి మా చిచ్చా. మా నాయన సొంత తమ్ముడు. ఆయన పాకిస్తాను పోలేదు, నడుమూ విరగలేదు. ముప్పై ఏళ్లు మోండా మార్కెట్టు వెనక సందులో పరుపులు కుట్టుకుంటూ బతికాడు. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు. నాతోపాటే పోనిద్దామనుకున్న సంగతి ఇది.

మాది దూదేకులవాళ్ల ఇల్లు. ముందుగదిలో దూది, వెనకగదిలో మేము. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ, నమాజుకు అరబ్బీ, ఈ మూడూ ఎక్కడివక్కడ సర్దుకుని ఉండేవి, ఒకదానికొకటి అడ్డం వచ్చేవి కావు. చిచ్చా పాలు మరవకముందే మా తాత పోయాడట. అప్పటికి మా నాయనకు పన్నెండేళ్లు. ఆ వయసునుంచీ దూదేకే విల్లు భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి, అణిగిపోయిన పరుపులు విప్పి, దూది ఏకి, మళ్లీ కుట్టి, తల్లినీ చెల్లెల్నీ తమ్ముణ్ణీ సాకాడు. దూది నలుసులు ఊపిరితిత్తులు తినేస్తాయని తమ్ముణ్ణి మాత్రం ఆ పని దగ్గరికి రానిచ్చేవాడు కాదట. అందుకే చిచ్చా వయసు వచ్చాక బొల్లారం వెళ్లి పటాలం గుర్రాల దగ్గర పనికి కుదిరాడు. వాటికి మాలిషు చేస్తూ, నీళ్లకు తోలుకుపోతూ, జీను లేకుండా ఎక్కడం, పరుగులోనే దిగి మళ్లీ పరుగులోనే ఎక్కడం తనంతట తనే నేర్చుకున్నాడు. పంతొమ్మిదో ఏట ఒక గుర్రాల వ్యాపారి వెంట బొంబాయి పోయాడు. ఆ వ్యాపారి సినిమా కంపెనీలకు గుర్రాలు బాడుగకు ఇచ్చేవాడు. ఒకనాడు ఎవరో హీరో వంతెన మీదినుంచి దూకనని మొండికేస్తే, ఆయన బట్టలు తొడుక్కుని మా చిచ్చా దూకాడు. అలా ముఖం కనపడకుండా మూడేళ్లు ఎవరెవరికో బదులు దూకాడు. తరువాత ఒక దర్శకుడు, వీడి ముఖం కూడా బాగానే ఉందే అని ఆయన్ని కెమెరావైపు తిప్పాడట.

బొంబాయిలో ఆయనకు వేరే పేరు పెట్టారు. అప్పట్లో అది మామూలే, మనవాళ్లు చాలామంది తెరమీద హిందూ పేర్లతోనే ఉండేవాళ్లు. వినగానే ఒక రాజకుమారుడు కళ్లముందు నిలిచేలాంటి పేరు. ఆ పేరు నేనిక్కడ రాయను. మా ఇంట్లో ఆ పేరు పలకడం మానేసి చాలా కాలమైంది.

ఆయన సినిమా సికిందరాబాదుకు వచ్చిందంటే మా సందులో పండగే. జట్కాలవాళ్లు బేరాలు వదిలేసి పోయేవాళ్లు. మార్కెట్టులో ఆకుకూరలమ్మే మా పక్కింటి పెద్దమ్మ గంపమీద తడిగుడ్డ కప్పి మరీ వచ్చేది. మా నాయనమ్మ జన్మలో ఒకే ఒక్కసారి సినిమాకు పోయింది. ఆడవాళ్ల వైపు పరదా చాటున కూర్చుని కాసేపు బాగానే చూసింది. పదిమంది దుండగులు కత్తులతో తన కొడుకును చుట్టుముట్టేసరికి లేచి నిలబడి, మీ చేతులు పడిపోను అని శాపనార్థాలు మొదలుపెట్టింది. నలుగురు పట్టుకుని కూర్చోబెట్టాల్సి వచ్చింది. మా నాయన మాత్రం ఎప్పుడూ హాలు లోపలికి పోలేదు. సినిమాలు చూడడం ఆయనకు ఇష్టం లేదని మేమంతా అనుకునేవాళ్లం. ఒకసారి అమ్మతోపాటు ఆట చూసి బయటికి వస్తుంటే, గేటు పక్కన గోడకు ఆనుకుని, విల్లు భుజాన అలాగే ఉంచుకుని నిలబడి ఉన్నాడు. వచ్చేపోయేవాళ్లు తన తమ్ముడి గురించి ఏమంటున్నారో వింటున్నాడు. మమ్మల్ని చూడగానే సిగ్గుపడి, ఇటువైపు పని ఉండి వచ్చానన్నాడు.

ఏటా రంజానుకు చిచ్చా ఇంటికి వచ్చేవాడు. నన్ను ఒక చేత్తో ఎత్తి భుజాన కూర్చోబెట్టుకుని బజారంతా తిప్పేవాడు. అంత ఎత్తునుంచి చూస్తే మనుషుల తలలు, గొడుగులు, తోపుడుబండ్లు అన్నీ కిందెక్కడో ఉండేవి. ప్రపంచంలో నన్నెవరూ ఏమీ చేయలేరనిపించేది. పదిమందిని ఒక్కడే కొట్టగలవాడు మా ఇంట్లో అన్నం తిని మా చాపమీద పడుకుంటాడు, ఇంక మాకు భయమేమిటి? నిజంగానే నేను అలా నమ్మాను. ఆ నమ్మకం గురించి చెప్పకపోతే తరువాతి సంగతి మీకు అర్థం కాదు.

పోలీసు యాక్షను జరిగిన ఏడు మా నాయనమ్మకు జబ్బు చేసి చిచ్చా ఎండాకాలంలోనే వచ్చాడు. ఆవిడ వానలకు ముందే పోయింది. ఆ తరువాత బొంబాయినుంచి తంతి మీద తంతి వచ్చింది కానీ, నిజాం సరిహద్దులో రైళ్లు ఆపి సోదాలు చేస్తున్నారు, ఇవాళ ఉన్న బండి రేపు ఉంటుందో లేదో తెలియదు. మా నాయన, ఈ గొడవ చల్లారేదాకా కదలొద్దని పట్టుబట్టాడు. ఆ రోజుల్లోనే రజాకార్లు మా ఇంటికి వచ్చారు. తమ ఊరేగింపుకు ముందు చిచ్చా తెల్ల గుర్రం ఎక్కి నడవాలన్నారు. నాకు గుర్రం ఎక్కడం సినిమాకోసమే తెలుసని చిచ్చా నవ్వి పంపించేశాడు. రెండోసారి వస్తే మా నాయన గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. మూడోసారి మా వాకిట్లో ఉమ్మివేసి పోయారు.

మా మేనత్తను జిల్లాలో ఒక పల్లెకు ఇచ్చారు. ఆవిడ భర్త పోయి ఏడాది కూడా కాలేదు, చేతిలో ఇద్దరు పసిపిల్లలు. పల్లెల్లో పరిస్థితి బాగాలేదని విని, ఆవిణ్ణి తీసుకొస్తానని మా నాయన బయల్దేరాడు. ఆయన పోయిన నాలుగోరోజుకే ఇండియా సైన్యం సరిహద్దు దాటింది. విమానాల మోత, మూసిన కిటికీలు, ఇవి నాకు ఇప్పటికీ గుర్తే. ఐదు రోజుల్లో అంతా ముగిసిందన్నారు. బొల్లారం వైపు జనం పూలదండలు పట్టుకుని పరుగులు తీశారు. మేం తలుపులు వేసుకుని కూర్చున్నాం. పక్కింటి పెద్దమ్మ ఎవరూ చెప్పకుండానే వచ్చి మా గడపకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, వాకిట్లో ముగ్గేసి, తన గంప మా గుమ్మం ముందే పెట్టుకుని కూర్చుంది. మూడు రోజులు అక్కడే కూరలమ్మింది.

మాకేం కాలేదు. కానీ నాయన రాలేదు. పల్లెలనుంచి వస్తున్న కబుర్లు అమ్మ మా చెవిన పడనిచ్చేది కాదు, అయినా పడేవి. పదో రోజున అమ్మ చిచ్చా ముందు నిలబడింది. అడగడానికి నోరు రాక కొంగు నోట్లో కుక్కుకుంది. చిచ్చాయే అన్నాడు.

"ఏడువకు వదినా. నేను పోతున్న. అన్నను తీస్కొనే వస్త."

నాకు పిసరంత దిగులు కూడా కలగలేదు. నా చిన్న తమ్ముళ్లను కూర్చోబెట్టి, చిచ్చా ఎలా పోతాడో, అడ్డం వచ్చినవాళ్లను ఎలా తంతాడో, నాయనను గుర్రం వెనక ఎలా ఎక్కించుకుని వస్తాడో చేతులూపుతూ చెప్పాను. గుర్రం ఎక్కడిదని పెద్ద తమ్ముడు అడిగితే వాణ్ణి ఒక్కటి వేశాను కూడా.

తొమ్మిది రోజులకు చిచ్చా ఒక్కడే వచ్చాడు. నేను కిటికీలోంచి చూశాను. గడప అవతలే నిలబడి అమ్మతో ఏదో చెప్పాడు. అమ్మ తలుపు పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయింది. తరువాత ఆయన కాళ్లకు నీళ్లిచ్చింది. ఆ సాయంత్రం మమ్మల్ని దగ్గరికి తీసుకుని, నాయనకు అక్కడ గత్తర తగిలి పోయాడని చెప్పింది. గత్తర అంటే కలరా. దాంతో ఎవరూ పోరాడలేరు కదా, నేను నమ్మాను.

చిచ్చా మళ్లీ బొంబాయి పోలేదు. కంపెనీవాళ్లు రెండుసార్లు మనుషులను పంపారు. ఒకసారి పెద్ద కారే వచ్చి మా సందు మొదట ఇరుక్కుపోయింది. ఆయన వెనకగదిలోంచి బయటికి రాలేదు. నాయన ఇంటివద్ద వదిలి వెళ్లిన విల్లు దింపి, ఏ దూది అంటకుండా నాయన తనను పెంచాడో ఆ దూదిలోనే కూర్చున్నాడు. గడ్డం పెంచాడు. పెళ్లి చేసుకోలేదు. రోడ్డు మీద ఎవరైనా ఆపి, మీరు ఫలానా కదూ అంటే, "నేను కాద్సాబ్, ఆయన వేరే" అని తల వంచుకుని పోయేవాడు. నన్ను చదివించాడు, టీచరు ట్రైనింగుకు పంపాడు. మా తమ్ముళ్లను పనుల్లో పెట్టాడు. నా నికా నాడు తండ్రి చేయవలసినవన్నీ ఆయనే చేశాడు.

నేను మాత్రం ఆయన్ని ఊరికే వదల్లేదు. చిన్నతనంలో మనసుకు తగిలిన దెబ్బ అలాంటిది. తెరమీద అంతెత్తున వెలిగిన మనిషి దూది దుమ్ములో దగ్గుతూ కూర్చుంటే నాకు కోపం వచ్చేది. భయపడి వచ్చేశావు కదూ, రైలు మీదినుంచి పడతానని జంకి మానేశావు కదూ అని పదమూడేళ్ల పిల్లగా ఎన్నిసార్లు దెప్పానో. ఆయన "గంతే బిడ్డా, భయపడ్డ" అనేవాడు. అమ్మ ఆ మాట విన్నప్పుడల్లా నన్ను గట్టిగా కసిరి, ఆయన పళ్లెంలో ఇంకో ముద్ద వేసేది.

నాకు నలభై ఏళ్లు వచ్చాక అమ్మ పోయింది. అప్పటికి నేను మా ఆయనతో, పిల్లలతో కాప్రాలో ఉంటున్నాను. అమ్మను మట్టిచేసిన మూడో రోజు ఉదయం, వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక, చిచ్చా నన్ను పిలిచి ఎదురుగా కూర్చోమన్నాడు. మీ అమ్మ ఉన్నన్నాళ్లు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది, ఇప్పుడు చెప్పకపోతే నేను చావలేనన్నాడు.

నాయన గత్తరతో పోలేదు. చిచ్చా వెళ్లేసరికి నాయన, మేనత్త, పిల్లలు ఒక రైతు ఇంట్లో, గడ్డివాము చాటున క్షేమంగా ఉన్నారట. ఆడమనిషిని, పిల్లలను నేను చూసుకుంటా, మగవాళ్లు మీరు పొండి, మీకే ప్రమాదమని ఆ రైతే దారి చెప్పి పంపాడట. గొడవ చల్లారాక మేనత్తను, పిల్లలను ఆయనే క్షేమంగా ఆమె అత్తవారింటికి చేర్చాడట. అన్నదమ్ములిద్దరూ పొద్దెక్కాక ఒక వాగు దగ్గరికి వచ్చారు. అక్కడ ముప్పై నలభై మంది నిలబడి ఉన్నారు.

"అందరి చేతుల్ల కట్టెలున్నయి బిడ్డా. వాళ్లను సుత ఏమంట? నెల కింద రజాకార్లు వాళ్ల ఊరు కాలవెట్టిండ్రు. అండ్ల ఒగడు నన్ను గుర్తువట్టిండు. అరే, సినిమాల దూకేటోడు వీడేరా అన్నడు. పేరేందని అడిగిండ్రు. సినిమా పేరు చెప్పిన. నా నోట్లకెళ్లి అదే వచ్చింది."

వాళ్ల ముఖాలు విప్పారాయట. చుట్టూ చేరి ఆయన చేతులు తాకి చూశారట. అప్పుడు ఒకడు మా నాయన గడ్డం చూశాడు.

"మరి ఈ గడ్డమోడెవడన్నరు. నేను నోరు తెరిచేలోపల్నే అన్న అన్నడు, ఈయనెవరో నాకు ఎర్కలేదు, తొవ్వల కలిసిండు అని. నా దిక్కు చూడను సుత చూడలే. నేను ఒక్కటే మాట అనాలె. మా అన్న అనాలె. అనలేకపోయిన."

మా నాయనను వాళ్లు మోటబావి వైపు తీసుకుపోయారు. మిగిలినవాళ్లు చిచ్చాను వదల్లేదు. సినిమాలో దూకినట్టు ఈ వాగు దూకి చూపించమన్నారు.

"దూకిన. చప్పట్లు కొట్టిండ్రు. అవుతలి ఒడ్డున వడ్డంక ఇంక ఎనుకకు తిరిగి చూడలే బిడ్డా. ఉరికిన."

అమ్మకు ఎప్పుడు చెప్పావని మాత్రం అడిగాను.

"ఆ దినమే. ఇంట్ల కాలువెట్టకముందే చెప్పిన. నన్ను కొడ్తదనుకున్న, తిడ్తదనుకున్న. మీ అమ్మ జెరసేపు నిలవడి, కాళ్లు కడుక్కో తమ్మీ, అన్నం తిందువు అన్నది. ముప్పై ఏండ్లల్ల ఒక్కనాడు సుత ఆ ముచ్చట ఎత్తలే."

అంతా విని నేనేం చేశానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. లేచాను. చెప్పులు వేసుకున్నాను. ఆయన "బిడ్డా" అన్నాడు. వెనక్కి చూడకుండా వచ్చి బస్సెక్కాను. ప్రతి శుక్రవారం పోయేదాన్ని, రెండు నెలలు ఆ గడప తొక్కలేదు. ఆయన మా చిన్నవాడికోసం ఒక బొంత కుట్టి రిక్షావాడితో పంపాడు. ఎర్ర పువ్వుల గుడ్డ, చుట్టూ చేతికుట్టు, అంత సన్నని కుట్టు నేనెక్కడా చూడలేదు. దాన్ని అదే రిక్షాలో తిప్పి పంపేశాను. నా కళ్లముందు నాయన ఒక్కడే ఉన్నాడు. తల తిప్పకుండా, నాకెర్కలేదంటున్న నాయన.

రెండు నెలలు నిండకముందే చిచ్చా పోయాడని కబురు వచ్చింది. దూది దగ్గే చివరికి తీసుకుపోయింది. అప్పటికి బాగా ముసలిదైపోయిన పక్కింటి పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, శుక్రవారం శుక్రవారం నీ తొవ్వ చూస్తూ వాకిట్లనే కూచుండెటోడు బిడ్డా, నీకు ఏం కోపమొచ్చె అని అడిగింది. జనాజా వెంట పట్టుమని పదిహేనుమంది లేరు. ఒకప్పుడు ఆయన బొమ్మ గోడమీద అంటిస్తే జట్కాలు ఆగిపోయిన బజారు గుండానే పోయింది. ఎవరూ తల తిప్పలేదు.

ఆయన్ని నేను క్షమించానా అంటే, చాలా కాలానికి, అదీ ముక్కలు ముక్కలుగా. ముందు నాయన ఎందుకలా అన్నాడో అర్థమైంది. ఆయన చివరగా చేసిన పని తమ్ముణ్ణి బతికించడం. ఆ బతికినవాణ్ణి నేను చంపుకున్నాను. తరువాత అమ్మ ఎందుకలా ఊరుకుందో కొంచెం అర్థమైంది, పూర్తిగా ఇప్పటికీ కాలేదు. అమ్మకు అక్షరం ముక్క రాదు. నేను ఇరవై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పాను. ఆవిడ గుమ్మంలో నిలబడి జెరసేపట్లో చేసిన పని నాకు సగం జీవితం పట్టింది.

ఇప్పుడు మోండా వెనక సందుల్లో విల్లు చప్పుడు లేదు. దూది ఏకడానికి మెషీన్లు వచ్చాయి, ఆ తరువాత దూది పరుపులే పోయాయి. బొల్లారంలో గుర్రాలు కట్టిన చోట ఇళ్లు లేచాయి. సినిమాల్లో దూకేవాళ్లకు నడుముకు తాళ్లు కడతారట, ఆ తాళ్లు తెరమీద కనపడకుండా చెరిపేస్తారట, మంచిదే. మారినవాటిలో మంచివే ఎక్కువని ఒప్పుకుంటాను. కానీ ఒకే కడుపున పుట్టినట్టు ఒకరి గడపకు ఒకరు పసుపు రాసిన మనుషులు, మనసులో నిప్పు పెట్టుకుని ఎదుటివాడికి అన్నం వడ్డించిన మనుషులు, వాళ్లు ఎటు పోయారో తెలియదు. మేమైనా వాళ్లలా ఉండలేకపోయాం, ఇంక పిల్లలను అనడానికేముంది.

నేనిప్పటికీ అప్పుడప్పుడు బస్సులో సికిందరాబాదు పోతుంటాను. కిందటి నెల బస్సు కిక్కిరిసి ఉంటే ఒక పిల్లవాడు చెవుల్లో పెట్టుకున్న పాటల తీగలు తీసేసి లేచి, కూర్చో అమ్మమ్మా అన్నాడు. సన్నగా, ఎత్తుగా ఉన్నాడు, గడ్డం పలచగా ఉంది. మాట కలిపి వయసెంత నాయనా అని అడిగాను. ఇరవై ఎనిమిది అన్నాడు. వాగు ఒడ్డున నిలబడేనాటికి చిచ్చాకు సరిగ్గా ఇరవై ఎనిమిదేళ్లు. నా ఊహలో ఆయన ఎప్పుడూ కొండంత మనిషే, పదిమందిని కొట్టగలిగీ కొట్టని మనిషే. ఆ పిల్లవాడు బస్సు కుదుపుకు పడబోయి కమ్మీ పట్టుకుని, నన్ను చూసి సిగ్గుగా నవ్వాడు. నేను దిగవలసిన చోటు దాటిపోయినా వాడి ముఖం చూస్తూ అలాగే కూర్చుండిపోయాను. ఇంత చిన్నవాడా మా చిచ్చా, ఇంత చిన్నవాడినా నేను అంత శిక్షించింది.